అప్‌డేట్: మా అమ్మాయి స్పృహ తప్పడం, తలనొప్పి గురించి

14 ఏళ్ల మా అమ్మాయి లేచి నిలబడగానే స్పృహ తప్పుతోందని, తరచూ తలనొప్పితో బాధపడుతోందని, ఇది మూర్ఛ వ్యాధేమోనని భయపడుతూ లోగడ అడిగాను. మీరు చెప్పినట్లే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాము.

ఆవిడ వెంటనే స్కాన్ రాయకుండా, పడిపోయే ముందు చూపు మసకబారిందా, చెమట పట్టిందా, ఎంతసేపటికి తేరుకుంది అని ఓపికగా అడిగి, ఈసీజీ తీయించి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 10 నిమిషాల పాటు పలుమార్లు నాడి, రక్తపోటు చూశారు. రక్తపోటు తగ్గకుండానే గుండె వేగం నిమిషానికి 72 నుంచి 118కి పెరిగింది. కౌమారంలో ఈ పెరుగుదల 40 లేదా అంతకు మించి ఉండి, లక్షణాలు నెలల తరబడి కొనసాగితే దానిని పాట్స్ (POTS, అంటే నిలబడినప్పుడు గుండె వేగం అతిగా పెరిగే సమస్య) అంటారట. ఇరవై ఏళ్లుగా ఇలాంటి పిల్లలను చూస్తున్నానని, వారిలో చాలామందిని అంతకుముందు నటిస్తున్నారని కోప్పడ్డారని ఆవిడ చెప్పినప్పుడు మా అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుంది.

నెలలో 15 రోజులకు మించి మేము వేసిన నొప్పి మాత్రలే తలనొప్పిని పెంచి ఉండవచ్చని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఇప్పుడు ఆవిడ సూచించిన మేరకు నీళ్లు, ఉప్పు పెంచి, కూర్చుని చేసే వ్యాయామం మొదలుపెట్టాము. ఆరు వారాలలో ఒక్కసారే స్పృహ తప్పింది. తలనొప్పి మాత్రం ఇంకా పూర్తిగా తగ్గలేదు.