7 అడుగుల వెడల్పు ప్యారలల్ కిచెన్: రంగు, ఫినిష్, డ్రాయర్లు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న:
కిచెన్ లోపలి కొలత 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఒక చివర తలుపు, రెండో చివర కిటికీ. రెండు వైపులా గట్టు రావాలి. ఫ్రిజ్ బయటే ఉంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్న డిజైన్‌లో రెండు వైపులా ముదురు నీలం గ్లాసీ యాక్రిలిక్, కింద అంతా షట్టర్లే (అల్మారా తలుపులే). ఇరుగ్గా, చీకటిగా ఉంటుందేమోనని అనుమానం. మార్చాల్సింది రంగా, ఫినిషా? సామాను బాగా పట్టాలంటే డ్రాయర్లు మేలా, షట్టర్లా?

జవాబు 1:
రంగు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు మధ్యలో నడిచే చోటు తేల్చుకోండి. 7 అడుగులంటే 84 అంగుళాలు. రెండు వైపులా 24 అంగుళాల గట్టు వేస్తే మధ్యలో మిగిలేది 36. ఒకరు వంగి డ్రాయర్ లాగితే ఇంకొకరు వెనక నుంచి దాటలేరు. ఒక వైపు 24 ఉంచి, రెండో వైపు 18కి తగ్గించండి, 42 వస్తుంది. ఒక్కరు వండుకోవడానికి అది హాయిగా సరిపోతుంది. హ్యాండిళ్లు ఒక్కో వైపు అంగుళం, అంగుళంన్నర ముందుకొస్తాయి కాబట్టి గోలా ప్రొఫైల్ (హ్యాండిల్ బదులు వేళ్లు పెట్టి లాగే గాడి) పెట్టించుకోండి. దానివల్ల పై డ్రాయర్ లోపలి ఎత్తు కొంత తగ్గుతుంది, గాడిలో జిడ్డు చేరుతుంది. ఆ మాత్రం తుడుచుకోక తప్పదు.

24 అంగుళాల వైపు కిటికీ దగ్గర 36 అంగుళాల సింక్ యూనిట్, మధ్యలో కోసుకోవడానికి 36, ఆ తర్వాత 36లో స్టవ్. మిగిలిన 12లో రెండు చివరలా చెరో 2 అంగుళాల ఫిల్లర్ (ఖాళీని మూసే పట్టీ), 8 అంగుళాల బాటిల్ పుల్అవుట్ (సీసాలు పెట్టుకుని బయటికి లాగే సన్నటి అర). ఫిల్లర్ దండగ అనుకోవద్దు. గోడ ఏ కాస్త వంకరగా ఉన్నా, అది లేకపోతే చివరి డ్రాయర్ టైల్‌కో తలుపు ఫ్రేమ్‌కో గీసుకుంటుంది.

సింక్ కింద తప్ప అంతా డ్రాయర్లే వేయించండి. షట్టర్ వెనక లోతుగా పెట్టిన గిన్నె మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనపడదు. రెండు 18 అంగుళాల బాక్సుల కంటే ఒక్క 36 మేలు: పక్క పలకలకీ రన్నర్లకీ (డ్రాయర్ జారే పట్టాలకీ) బాక్సుకి దాదాపు 3 అంగుళాలు పోతాయి. అయితే అంత వెడల్పు డ్రాయర్‌కి 30 కిలోల రన్నర్ చాలదు, 50 కిలోలది అడగండి. తక్కువది వేస్తే, నిండా గిన్నెలున్న డ్రాయర్ లాగినప్పుడు ముందుభాగం వాలి కింది డ్రాయర్‌ని రాసుకుంటుంది. అడుగు పలక 16 మి.మీ.కి తగ్గకూడదు. లోతు వైపు 500 మి.మీ. రన్నర్ పడుతుంది, 18 అంగుళాల వైపు 350 మి.మీ. సరిపోతుంది.

జవాబు 2:
పైన చెప్పిన కొలతలతో ఏకీభవిస్తాను. ఫినిష్ విషయంలో మీకు అసలు చిక్కు కిటికీ ఉన్న చోటు. వెలుతురు ఒక చివర నుంచి షట్టర్ల మీదుగా ఏటవాలుగా జారుతూ వస్తుంది. గ్లాసీ పలక మీద తుడిచిన చారలు, వేలిముద్రలు, సన్నటి గీతలు అన్నీ ఆ వెలుగులో బయటపడతాయి. పైగా 42 అంగుళాల దూరంలో రెండు గ్లాసీ ముఖాలు ఎదురెదురుగా ఉంటే ఒకదాంట్లో ఒకటి ప్రతిబింబించి కంటికి తెరిపి ఉండదు.

కింద మెరుపు లేని మ్యాట్ లేదా స్యూడ్ లామినేట్, పైన కొద్దిపాటి మెరుపుండే శాటిన్ పెట్టండి. కానీ ముదురు మ్యాట్ కూడా వద్దు: నీటి చుక్కలు, పిండి దుమ్ము అన్నీ కనిపిస్తాయి, ఎక్కువగా రుద్దిన చోట మెరుపు మచ్చ పడుతుంది. నీలమే కావాలంటే బూడిద కలిసిన మధ్యస్థ నీలం కింద వరకే ఉంచి, పై అల్మారాలు, గోడ, సీలింగ్ ఒకే లేత రంగులో కలిపేయండి. కిటికీ ఉన్న గోడ అన్నిటికంటే లేతగా ఉండాలి. అది ముదురైతే వెలుగుకీ గోడకీ తేడా పెరిగి కళ్లు చికిలించాల్సి వస్తుంది.

శాంపిల్ కనీసం ఏ4 కాగితమంత తెప్పించి, నిలువుగా పెట్టి, పగలూ రాత్రీ కిచెన్ రెండు వైపులా చూడండి. బల్ల మీద పడుకోబెట్టి చూసిన రంగు నిలువు పలక మీద ముదురుగా కనిపిస్తుంది. పై అల్మారా కింద 4000 కెల్విన్ (మరీ పసుపూ, మరీ నీలీ కాని తెల్లటి వెలుగు) ఎల్ఈడీ స్ట్రిప్‌ని ముందు అంచు దగ్గర బిగించండి. వెనక గోడ దగ్గర పెడితే టైల్ వెలుగుతుంది, కూరలు కోసే చోట నీడే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. 18 అంగుళాల గట్టు మీద కూడా 12 అంగుళాల పై అల్మారాలు వేయవచ్చా? సింక్ షట్టర్ ఉబ్బకుండా ఏం చేయాలి?

జవాబు 3:
వేయకండి. గట్టు ముందు 6 అంగుళాలే మిగిలి, వంగగానే తలకి తగులుతుంది. అక్కడ 8 అంగుళాల ఓపెన్ షెల్ఫ్ చాలు. తలుపు వైపు చివర మాత్రం నేల నుంచి పైదాకా 18 అంగుళాల లోతుతో ఒక టాల్ యూనిట్ పెట్టండి. లోతు తక్కువ కాబట్టి డబ్బాలన్నీ ఒక్క చూపులో కనపడతాయి.

సింక్ షట్టర్ ఉబ్బడం ఎక్కువగా పై అంచు నుంచే మొదలవుతుంది. గట్టు మీది నీళ్లు అంచు కిందికి పాకి షట్టర్ నెత్తిన దిగుతాయి. రాయి అంచు అడుగున, ముందు నుంచి అర అంగుళం లోపలికి, 5 మి.మీ. వెడల్పు గాడి కొట్టించండి. నీళ్లు అక్కడే తెగి షట్టర్‌ని తాకకుండా నేల మీద పడతాయి. రాయి బిగించాక ఈ పని చేయడం కష్టం, ముందే చెప్పాలి. బాక్సుకి బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్, షట్టర్ నాలుగు అంచులకీ 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచుని మూసే పట్టీ) వేయించండి. పైపుల కోసం కోసిన రంధ్రాల పచ్చి అంచులకి సిలికాన్ పూయించండి, చాలామంది వదిలేసేది అదే. అడుగున చెక్క బేస్ బదులు 4 అంగుళాల పీవీసీ కాళ్లు, ఊడదీయగలిగే స్కర్టింగ్ (కాళ్లని కప్పే అడుగు పట్టీ) ఉంటే లీకేజీ వచ్చినా లోపలికి చూడొచ్చు.