శ్రీలంక అప్పు: 27 శాతం కోత ఒక్కటే చూస్తే లెక్క ఎందుకు తప్పుతుంది?

బాకీపుస్తకం:
లంక అప్పు మీద జరిగే వాదనల్లో రెండు మాటలే పదే పదే వినిపిస్తున్నాయి. ‘బాండ్లవాళ్లు (లంక ప్రభుత్వ డాలర్ బాండ్లు కొన్న మదుపరులు) అసలులో 27 శాతం వదులుకున్నారు, ఇంతకన్నా ఏం కావాలి’ అని ఒకరు. ‘తగ్గిందేమీ లేదు, 2028 దాకా నెట్టారంతే’ అని ఇంకొకరు. నా అనుమానాలు మూడు. భారత్, జపాన్, చైనా అసలులో పైసా తగ్గించకపోయినా అందరూ సమానంగా నష్టపోయారని ఎలా అంటారు? దేశంలోని అప్పుల విషయానికొస్తే బ్యాంకులను వదిలేసి ఉద్యోగుల భవిష్య నిధి మీద ఎందుకు పడ్డారు? పన్నులు, కరెంటు చార్జీలు అంతగా పెంచకుండా బయటపడే దారి నిజంగా లేదా? నినాదాలు వద్దు, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

నిల్వలలెక్క:
ఎవరికి ఎంత బాకీ అన్నది ముందు చూద్దాం. చర్చలో సగం గందరగోళం అక్కడే ఉంది. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నామని ప్రకటించేనాటికి లంక విదేశీ బాకీల్లో పెద్ద ముద్ద చైనాది కాదు, డాలర్ బాండ్లది. దాదాపు 1,255 కోట్ల డాలర్లు. హంబన్‌తోట రేవును అప్పు కింద జమ కట్టుకున్నారన్న మాట కూడా సరికాదు. 2017లో 99 ఏళ్ల లీజుకు ఇచ్చినందుకు వచ్చిన 112 కోట్ల డాలర్లు విదేశీ మారక నిల్వల్లో చేరాయి. రేవు కోసం తెచ్చిన అప్పు ప్రభుత్వ ఖాతాలో అలాగే ఉండిపోయింది.

ఇక ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కార్యక్రమం. 2023 మార్చి 20న ఆమోదించారు, సుమారు 300 కోట్ల డాలర్లు, 48 నెలలు. అందులో ‘ఇంత శాతం కోత పెట్టాలి’ అన్న షరతు ఎక్కడా లేదు. ఉన్నవి వేరే కొలతలు. 2032కల్లా ప్రభుత్వ రుణం జీడీపీలో 95 శాతం లోపుకు రావాలి. 2027-32 మధ్య ప్రభుత్వం ఏటా సమకూర్చుకోవాల్సిన మొత్తం నిధులు సగటున జీడీపీలో 13 శాతం దాటకూడదు. అదే కాలంలో విదేశీ కరెన్సీ అప్పుల చెల్లింపు ఏ ఒక్క ఏడాదీ 4.5 శాతం దాటకూడదు. వీటికి తోడు 2025 నుంచి వడ్డీలు కాకుండా జీడీపీలో 2.3 శాతం మిగులు, అంటే ప్రాథమిక మిగులు చూపాలి.

ఇందులో రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక ఏడాది ప్రాథమిక లోటు, ఆ ఏడాది కట్టాల్సిన వడ్డీ, ఆ ఏడాది గడువు తీరే అసలు, ఈ మూడూ కలిపితే వచ్చేదే ‘సమకూర్చుకోవాల్సిన నిధులు’. 2022లో ఇది జీడీపీలో మూడో వంతు దాకా ఉంది. దాన్ని 13కు దించడం విదేశీ అప్పులతోనే సాధ్యం కాదు. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం లంక రూపాయల్లో తీసుకున్న స్వల్పకాలిక ట్రెజరీ బిల్లులదే (ఏడాదిలోపు గడువుండే ప్రభుత్వ అప్పు పత్రాలు). మీ రెండో అనుమానానికి జవాబు ఇక్కణ్నుంచే మొదలవుతుంది.

కూపన్‌కత్తెర:
మొదటి అనుమానానికి నేను చెబుతాను. కోత శాతం పెద్దగా ఏమీ చెప్పదు. గడువు, వడ్డీ రేటు కలిపి చూడాలి. గుండ్రటి అంకెలతో ఒక ఊహాజనిత లెక్క (లంక షరతులు ఇవే అని కాదు):

ఒకరికి 100 బాకీ ఉంది. అసలులో ఏమీ తగ్గించడు. కాకపోతే 20 ఏళ్ల తర్వాత ఇవ్వు, అప్పటిదాకా ఏటా 3 శాతం వడ్డీ చాలు అంటాడు. ఇంకొకరు అసలును 73కు తగ్గిస్తారు, 10 ఏళ్ల గడువు, 5 శాతం వడ్డీ. ఈ చెల్లింపుల నేటి విలువ, అంటే ముందుముందు వచ్చే సొమ్ము ఈరోజు చేతిలో ఎంతకు సమానమో కడదాం.

ఏడాదికి 11 శాతం చొప్పున తగ్గించి చూస్తే మొదటివాడి పత్రం విలువ 36, రెండోవాడిది 47. అంటే పైసా వదులుకోనివాడే ఎక్కువ పోగొట్టుకున్నాడు. అదే 5 శాతం చొప్పున తగ్గిస్తే మొదటిది 75, రెండోది 73. దాదాపు సమానం!

గొడవంతా ఈ రేటు దగ్గరే. ప్రభుత్వాల మధ్య పోలిక చూసేటప్పుడు ఐఎంఎఫ్ పద్ధతిలో 5 శాతం వాడతారు. బాండ్ల వ్యాపారులు మార్కెట్ రాబడికి దగ్గరగా 11 లాంటి రేటు వాడతారు. రేటు మారితే ఎవరు ఎక్కువ త్యాగం చేశారన్నదీ మారిపోతుంది. అందుకే ‘సమాన భారం’ అన్న మాట విన్నప్పుడల్లా ఏ రేటుతో అని అడగాలి. అడగకపోతే ఆ చర్చ వృథా.

అసలు ఒప్పందాలు: చైనా ఎగ్జిమ్ బ్యాంకుతో 2023 అక్టోబరులో సుమారు 420 కోట్ల డాలర్లకు విడిగా ఒప్పందం కుదిరింది. భారత్, జపాన్, ఫ్రాన్స్ సారథ్యంలోని రుణదాతల కమిటీతో 2024 జూన్ 26న 580 కోట్లకు సంతకాలయ్యాయి. అసలు చెల్లింపు 2028 దాకా ఆగుతుంది, ఆ తర్వాత 2043 దాకా సాగుతుంది. బాండ్ల మార్పిడి 2024 డిసెంబరులో పూర్తయింది. అసలులో 27 శాతం, ఆగిపోయిన వడ్డీ బకాయిలో 11 శాతం కోత. ‘నెట్టారంతే’ అనేవాళ్లు పూర్తిగా తప్పు కాదు. కానీ తక్కువ వడ్డీతో 15 ఏళ్లు నెట్టడం కూడా కోతే, పేరు వేరు.

బాకీపుస్తకం:
కూపన్‌కత్తెర గారూ, 36, 47 లెక్క చేత్తో వేసి చూశాను, సరిపోయింది. అంటే వార్తల్లో వచ్చే ‘హెయిర్‌కట్’ (అసలులో కోత) శాతంతో ఇద్దరు రుణదాతలను పోల్చనే కూడదన్నమాట. భవిష్య నిధి సంగతి ఇంకా మిగిలింది.

పొదుపుపెట్టె:
2023 జూన్ చివర్లో వరస సెలవులు చూసి దేశీయ రుణ పథకం ప్రకటించారు. బ్యాంకులు తెరిచేలోపు పార్లమెంటు ఆమోదం కూడా అయిపోవాలని. ఆ జాగ్రత్తలోనే కారణం ఉంది. డిపాజిట్లు ఒక్కసారిగా వెనక్కి తీస్తారన్న భయం.

బ్యాంకులు అప్పటికే మూడు వైపులా దెబ్బతిని ఉన్నాయి: చేతిలోని డాలర్ బాండ్ల నష్టం, ప్రభుత్వ సంస్థలకిచ్చిన రాని బాకీలు, కుదేలైన వ్యాపారాల మొండి బకాయిలు. దీని మీద రూపాయి బాండ్లు కూడా కోస్తే మూలధనం తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు మళ్లీ ప్రభుత్వమే ఎక్కణ్నుంచైనా తెచ్చి పోయాలి. కోసింది ఒక చేత్తో, పోసింది ఇంకో చేత్తో. ఇది ప్రభుత్వ వాదన, అందులో బలం ఉంది.

భవిష్య నిధి దగ్గర వేసిన మెలిక మాత్రం చూడండి. పాత బాండ్లు ఇచ్చి, 2025 దాకా 12 శాతం, ఆపైన 9 శాతం వచ్చే కొత్త బాండ్లు తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ రాబడి మీద పన్ను 14 నుంచి 30 శాతానికి పెరుగుతుంది. పేరుకు స్వచ్ఛందం. సభ్యుడికి కనీసం 9 శాతం గ్యారంటీ అన్నారు. కానీ అంతకు కొన్ని నెలల ముందు ట్రెజరీ బిల్లుల మీద రాబడి 30 శాతం దాటింది. ఆ బిల్లులు కొనుక్కున్న ప్రైవేటు మదుపరులను ముట్టుకోలేదు. నెలజీతంలోంచి బలవంతంగా కోసుకున్న సొమ్ముకు మాత్రం పదిహేనేళ్ల దాకా గడువు.

కేంద్ర బ్యాంకు చేతిలోని బిల్లులను దీర్ఘకాలిక బాండ్లుగా మార్చడం మంచి పనే. అందులో గుంజింది సామాన్యుడి సొమ్ము కాదు. నిధి విషయంలో మాత్రం అధిక రాబడి ఉన్న బిల్లుల మీద ఒక్కసారి పన్ను వేసే దారి ఉందని, దాన్ని తప్పించుకున్నారని నా అభిప్రాయం. బిల్లులు ముడితే మర్నాటి వేలానికి ఎవరూ రారన్నది ఎదుటి వాదన. అది కొట్టిపారేయలేం, ప్రభుత్వం వారం వారం బతికింది ఆ వేలాల మీదే.

ఒక్క మాట, నిధికి అసలు దెబ్బ ఈ పథకం కన్నా ముందే తగిలింది. 2022 సెప్టెంబరులో కొలంబో ధరల సూచీ ఏడాదిలో 69.8 శాతం పెరిగింది. ఆ లెక్కన అంతకు ఏడాది క్రితం దాచిన 100 రూపాయలకు 59 రూపాయల సరుకే వచ్చేది. ఎవరూ సంతకం పెట్టని కోత అది.

పన్నులగది:
మూడో ప్రశ్నకు. పన్నులు పెంచకుండా దారి ఉండేదా? 2022కు వచ్చేసరికి లేదు. 2019లో ఉంది, దాన్ని చేజేతులా మూసుకున్నారు. ఆ ఏడాది చివర వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. రిజిస్ట్రేషన్‌కు వార్షిక టర్నోవర్ పరిమితిని 1.2 కోట్ల నుంచి 30 కోట్ల రూపాయలకు పెంచారు. జీతంలోంచి నెలనెలా పన్ను కోసే పద్ధతి ఎత్తేశారు. రేటు తగ్గింపు కన్నా రెండో పని ఎక్కువ చేటు చేసింది. రేటు మళ్లీ పెంచుకోవచ్చు. జాబితాలోంచి జారిపోయిన వ్యాపారులను వెతికి తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. 2021లో ప్రభుత్వ ఆదాయంలో 70 శాతానికి పైగా వడ్డీలకే పోయింది.

ఆ తర్వాత గొలుసు: దేశం అప్పు తీర్చగలదా అని కొలిచే రేటింగ్ పడింది, విదేశీ మార్కెట్లో కొత్త అప్పు పుట్టలేదు, కేంద్ర బ్యాంకు నోట్లు ముద్రించి లోటు పూడ్చింది. డాలరును మాత్రం 200 రూపాయల దగ్గర బిగించి ఉంచింది. బయట ఎక్కువ ధర వస్తుంటే విదేశాల్లోని కార్మికులు బ్యాంకు ద్వారా ఎందుకు పంపుతారు? ఉండియల్ (బ్యాంకుల బయట సొమ్ము చేరవేసే హుండీ) దారి పట్టారు. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న నిల్వలు 2022 మార్చి చివరకు 190 కోట్లకు దిగాయి. అందులోనూ దాదాపు 150 కోట్లు వాడుకోవడానికి వీల్లేని చైనా కరెన్సీ మార్పిడి సొమ్మే. అంత ఇరుకులోనూ 2022 జనవరి 18న 50 కోట్ల డాలర్ల బాండు తీర్చారు. ఆ సొమ్ము ఉంచుకుని అప్పుడే చర్చలకు కూర్చుని ఉంటే మందులు, ఇంధనం కొన్ని నెలలైనా అందేవన్నది ఆర్థికవేత్తల్లో చాలామంది మాట. నేనూ అటే.

మార్చి 7న రూపాయి విలువను మార్కెట్‌కు వదిలారు. ఏప్రిల్ 8న గానీ వడ్డీ రేట్లు ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచలేదు. ఈ రెండూ ఒకే రోజు చేయాల్సినవి. వడ్డీ పెంచకుండా కరెన్సీని వదిలితే పట్టుకోవడానికి కొమ్మ ఉండదు. మే నాటికి డాలరు 360 దాటింది.

దిద్దుబాటులో తప్పేమిటంటే, భారం వ్యాట్ మీదే ఎక్కువ మోపారు. 8 నుంచి 12, 15, చివరకు 2024 జనవరిలో 18. వ్యాట్ వసూలు సులభం, కానీ పేదవాడి బుట్టలోంచే ముందు లాగుతుంది. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. తొమ్మిదేళ్లు ముట్టుకోని ధరను ఆరు నెలల్లో సరిచేశారు. పేదలకు సాయం చేసే కొత్త సంక్షేమ పథకం ‘అస్వెసుమ’ మొదలైంది 2023 జులైలో. ముందు సాయం, తర్వాత చార్జీలు అన్న వరస తలకిందులైంది.

నిల్వలలెక్క:
పన్నులగది గారి మాటకు ఒక షరతు కలుపుతాను. మిగులు ఒక్కటే రుణాన్ని తగ్గించదు. జీడీపీకి సమానంగా అప్పు, నిజ వడ్డీ (ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది) 4 శాతం, వృద్ధి 3 శాతం అనుకోండి. ఏటా అప్పు నిష్పత్తికి 1 పాయింటు కలుస్తుంది, 2.3 మిగులుతో నికరంగా 1.3 తగ్గుతుంది. వృద్ధి సున్నా అయితే? 4 కలుస్తుంది, 2.3 పోతుంది, అప్పు 1.7 పెరుగుతుంది. పొదుపు అంతా చేసినా. అందుకే రోడ్లు, నీటిపారుదల ఖర్చు కోసి మిగులు చూపించడం మీద అనుమానం న్యాయమైనదే.

బాకీపుస్తకం:
చివరగా ఒకటి. కొత్త బాండ్లు ‘ఆర్థిక స్థితికి ముడిపెట్టినవి’ అంటున్నారు. దేశం బాగుపడితే ఎక్కువ కట్టాలా?

కూపన్‌కత్తెర:
అవును. 2025-27 మూడేళ్ల సగటు జీడీపీ అంచనాను మించితే కోత తగ్గుతుంది, చెల్లింపు పెరుగుతుంది. పడిపోతే కోత పెరుగుతుంది. కొలిచేది 2028లో, ఒక్కసారే. ఆ తర్వాత ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినా మళ్లీ తగ్గించరు.

మెలిక ఎక్కడుందంటే, ఆ జీడీపీని డాలర్లలో కొలుస్తారు. ఉత్పత్తి ఏమీ పెరగకపోయినా రూపాయి బలపడితే డాలర్ జీడీపీ ఉబ్బుతుంది. ఒక్క అంకె కదలకుండా, రేటు 330 నుంచి 300కు వస్తే చాలు, 10 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని అడ్డుకోవడానికే నిజ వృద్ధి షరతును కూడా జోడించారు. అది కూడా దాటితేనే అదనపు చెల్లింపు. అయితే సంక్షోభంలో బాగా కుంగి లేచిన దేశానికి తొలి ఏళ్ల వృద్ధి సహజంగానే ఎక్కువ ఉంటుంది. 2022లో 7 శాతానికి పైగా, 2023లో 2.3 శాతం కుంగి, 2024లో 5 శాతం పెరిగింది కదా. కాబట్టి ఆ షరతు ఎంతవరకు కాపలా కాస్తుందన్నది 2027 జీడీపీ అంకెలు వచ్చాకే తేలుతుంది. అప్పటిదాకా ఆ 27ను తాత్కాలిక అంకెగానే చదవండి.