సిగరెట్ దగ్గుకు మళ్లీ మళ్లీ అజిత్రోమైసిన్ ఎందుకు?

ప్రశ్న (అంబర్‌పేట): మా బావగారికి 48 ఏళ్లు, రోజుకు పది సిగరెట్లు. తెమడ పచ్చగా పడితే చాలు, అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు. ఈ ఏడాది ఇది నాలుగోసారి. సిగరెట్ తాగేవాళ్లకు యాంటీబయాటిక్ నిజంగానే ఎక్కువ అవసరమా, లేక అలవాటుగా రాసేస్తున్నారా?

జవాబు (ఛాతీ వైద్యం): రెండూ ఉన్నాయండీ. గాలి గొట్టాల లోపల సన్నని వెంట్రుకల్లాంటి సీలియా తెమడనూ క్రిములనూ పైకి నెడుతుంటాయి. పొగ వాటిని దెబ్బతీస్తుంది, తెమడ మాత్రం ఎక్కువ ఊరుతుంది. అందుకే వీళ్లకు న్యుమోనియా ముప్పు ఎక్కువ. అక్కడ మందు పడాల్సిందే.

కానీ ఇన్నిసార్లు రాసేది చాలావరకు బ్రాంకైటిస్‌కే, అంటే గాలి గొట్టాల వాపుకే. అది ఎక్కువగా వైరస్‌తో వస్తుంది, దగ్గు రెండు మూడు వారాలుండి దానంతటదే పోతుంది. తగ్గించిన పేరు మాత్రం వేసుకున్న మాత్రకొస్తుంది. పచ్చరంగు తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్‌ది, వైరస్ వచ్చినా అదే రంగు. రంగొక్కటే చూసి మందు మొదలుపెట్టొద్దు.

జ్వరం, ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తక్కువ: వీటిలో ఏదున్నా వెంటనే చూపించి ఎక్స్‌రే తీయించండి. ఏడాదికి నాలుగుసార్లంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) కూడా చేయించాలి. సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు, తేలితే లెక్క వేరు. తెమడ చీములా మారి, దాంతోపాటు ఆయాసమో తెమడ పరిమాణమో పెరిగితే యాంటీబయాటిక్ ఇస్తాం, మామూలుగా 5 రోజులు.

జవాబు (టీబీ ల్యాబ్): దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో ఉచితం. పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా దగ్గి లోపలి నుంచి తీయాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష దండగ. అంతకుముందు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం వేయొద్దు. అది టీబీ క్రిమిని కొంత అణచడంతో తగ్గినట్టు కనిపిస్తుంది, జబ్బు బయటపడటం నెలలు ఆలస్యమవుతుంది, క్రిమి ఆ మందుకు మొండికేస్తుంది.

జవాబు (ఫార్మసిస్ట్): ఆయాసానికి డెరిఫిల్లిన్ వాడుతున్నారా? అందులో థియోఫిల్లిన్ ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిస్తే థియోఫిల్లిన్ రక్తంలో పెరిగిపోయి వాంతులు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. ఇంకోటి, పొగలోని రసాయనాల వల్ల కాలేయం థియోఫిల్లిన్‌ను త్వరగా ఖర్చుచేస్తుంది. సిగరెట్ మానిన వారంలోనే ఆ వేగం తగ్గుతుంది, పాత డోసే ఎక్కువైపోతుంది. మానే ముందే డాక్టర్‌కు చెప్పి డోసు సరిచేయించండి.

ప్రశ్న (అంబర్‌పేట): డెరిఫిల్లిన్ వాడట్లేదు. పోయిన నెల పది రోజులు సిగరెట్ మానేస్తే దగ్గు ఇంకా పెరిగింది, ఇన్ఫెక్షన్ అని మళ్లీ కోర్సు వేసుకున్నారు.

జవాబు (ఛాతీ వైద్యం): సీలియా కోలుకుంటూ పాత తెమడను బయటికి తోసేటప్పుడు కొన్ని వారాలు అలా అవ్వొచ్చు. జ్వరం, ఆయాసం లేకపోతే కోర్సు అక్కర్లేదు. ఈసారి నికోటిన్ గమ్ పెట్టండి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాల్సినవాళ్లకు 4 మిల్లీగ్రాములది, దానికి డాక్టర్ చీటీ కావాలి. మిగతావాళ్లకు 2 సరిపోతుంది. చురుక్కుమనేదాకా నమిలి బుగ్గలో పెట్టుకోవాలి, అది తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. ఇరానీ చాయ్‌కీ గమ్‌కీ మధ్య 15 నిమిషాలు ఉండాలి, లేదంటే నికోటిన్ సరిగా ఎక్కదు. ఉచిత సలహాకు 1800 11 2356.