దురాశతో వేసే దావాలకు అడ్డుకట్ట ఎక్కడ?

ప్రశ్న: 2005లో వాషింగ్టన్ నగరంలో ఒక ప్యాంటు పోయిందంటూ డ్రైక్లీనింగ్ దుకాణం మీద వేసిన దావాలో, కోరిన పరిహారం ఒక దశలో 6.7 కోట్ల డాలర్లకు చేరింది. 2007లో తీర్పు యజమానులకే అనుకూలంగా వచ్చినా, చివరికి వారు ఆ దుకాణాన్ని మూసుకోవలసి వచ్చింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడన్నట్టే ఉంటే, ఇలాంటి వ్యాజ్యాలను ఆపేదేమిటి?

జవాబు: అమెరికాలో గెలిచినా ఓడినా ఎవరి లాయరు ఫీజు వారే భరించుకోవడం సాధారణ నియమం కాబట్టి, ఏళ్ల తరబడి పోరాడి గెలవడం కన్నా ఎంతో కొంత ముట్టజెప్పి రాజీపడడమే చవకవుతుంది, దురాశాపరుడు లెక్క కట్టుకునేది సరిగ్గా అక్కడే. ఇంగ్లండులో మాత్రం సాధారణంగా ఓడినవారే ఎదుటి పక్షం ఖర్చుల్లో చాలా భాగం చెల్లించాలి. అయితే ఆ పద్ధతి న్యాయమైన ఫిర్యాదు ఉన్న పేదవాడిని కూడా భయపెడుతుందనుకోండి.

మరో జవాబు: ప్రచారంలో ఉన్న ప్రతి కథనూ నమ్మకండి. 1992లో కాఫీ ఒలికి ఒళ్లు కాలిందని దావా వేసిన అమెరికన్ వృద్ధురాలిని ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నారు గాని, ఆమెకు చర్మం అతికించే శస్త్రచికిత్స అవసరమైంది; మొదట ఆమె అడిగింది 20,000 డాలర్లు, ఆ కాఫీ అమ్మిన కంపెనీ ఇస్తానన్నది 800. కావాలని ప్రమాదం సృష్టించి, లేని మెడనొప్పికి బిల్లులు పుట్టించేవారి సంగతి వేరు. అది క్రిమినల్ నేరం.