రూట్ 66: చికాగో నుంచి మొత్తం వెళ్ళాలా, పడమటి భాగం చాలా?

నేపర్‌విల్ వాసి

సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలని తీసుకుని రూట్ 66 మీద వెళ్దామనుకుంటున్నాను. నాకు దొరికే సెలవు పది రోజులే. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం విజయవాడ–హైదరాబాద్ సర్వీసే. లాస్ వేగస్, నయాగరా అని మామూలు టూర్లు చెప్తే "చూద్దాంలే" అనేవారు. ఈ రోడ్డు సంగతి చెప్పినప్పటి నుంచి మాత్రం రోజూ ఫోన్లో అదే మాట. చికాగో దగ్గర మొదలై శాంటా మోనికాలో సముద్రం దాకా 2,448 మైళ్ళు, ఎనిమిది రాష్ట్రాలు, 1926లో నంబరు ఇచ్చారు, 1985లో ఆ నంబరు తీసేశారు అని చెప్తే, "నంబరు తీసేస్తే మాత్రం రోడ్డు ఎక్కడికి పోతుందిరా?" అన్నారు.

మా ఇల్లు రోడ్డు మొదలయ్యే చోటికి దగ్గరే కాబట్టి, మొత్తం చేసేద్దామని నా ఆశ. మా ఆవిడేమో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ దాకా ఫ్లైట్‌లో వెళ్ళి, అక్కణ్ణుంచి పడమటి భాగం మాత్రం చూస్తే చాలంటోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులున్నాయి, మాంసం ముట్టదు. ఈ దారిలో వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి, ఏది మేలు?

ఫీనిక్స్ బాటసారి

మీ ఆవిడ మాటే వినండి. ఒక్కసారి లెక్క వేసుకోండి: 2,448 మైళ్ళని పది రోజులకి పంచితే రోజుకి 245. ఇంటర్‌స్టేట్ మీద, అంటే సిగ్నళ్ళు లేని పెద్ద హైవే మీద, అది నాలుగు గంటల పని. పాత రోడ్డు అలా కాదు. ఊరూరా సిగ్నళ్ళు, మలుపులు, దారి తప్పి వెనక్కి తిరగడం, ఇవన్నీ కలిపితే సగటున గంటకి 35, 40 మైళ్ళు వెళ్తే గొప్ప. అంటే రోజూ ఆరేడు గంటలు కారులోనే. ఇక దిగి చూసేదెప్పుడు? మోకాళ్ళ నొప్పులున్న మనిషి పది రోజులు అలా కూర్చోగలరా?

ఆల్బుకర్కీ నుంచి సముద్రం దాకా 900 మైళ్ళ లోపే. అరిజోనాలో రాళ్ళుగా మారిన చెట్లున్న పెట్రిఫైడ్ ఫారెస్ట్, ఉల్క పడిన గొయ్యి మీటియర్ క్రేటర్, ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు అన్నీ దారిలోనే. విలియమ్స్ నుంచి 60 మైళ్ళు పక్కకి వెళ్తే గ్రాండ్ కాన్యన్. సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ మీదుగా టోపాక్ దాకా పాత రోడ్డు దాదాపు 160 మైళ్ళు తెగకుండా ఉంది, మొత్తం రూట్‌లో అంత పొడవు ముక్క ఇంకెక్కడా లేదు. కింగ్‌మన్ దాటాక సిట్‌గ్రీవ్స్ పాస్ ఎక్కి ఓట్‌మన్‌కి దిగే ఘాట్ రోడ్డు మీ నాన్నగారికి తప్పకుండా చూపించాలి. చాలా చోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు, మలుపులు అంత ఇరుకు కాబట్టే 40 అడుగులు దాటిన బళ్ళని రానివ్వరు. శ్రీశైలం ఘాట్‌లో బస్సు తిప్పిన మనిషైతే ఆ రోడ్డు వేసినవాళ్ళ కష్టం చూడగానే తెలుసుకుంటారు.

తుల్సా నుంచి

బాటసారి గారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ "పడమరే అసలు రూట్ 66" అన్న అభిప్రాయం ఈ గ్రూపులో ప్రతి సంవత్సరం వింటున్నాను, అది నిజం కాదు. అరిజోనాలో హోల్‌బ్రూక్ నుంచి విన్‌స్లో దాటేదాకా పాత రోడ్డు చాలావరకు ఐ-40 కిందే కలిసిపోయింది. మీరు అక్కడ నడిపేది ఇంటర్‌స్టేటే, మధ్యమధ్యలో ఎగ్జిట్ తీసుకుని ఊళ్ళోకి వెళ్ళి రావడమే. పాత రోడ్డు నిజంగా టైర్ల కింద తగలాలంటే ఓక్లహోమా రావాలి. మా దగ్గర నాలుగు వందల మైళ్ళ దాకా పాత దారి ఇప్పటికీ నడపొచ్చు.

మయామీ, ఆఫ్టన్ ఊళ్ళ మధ్య 1922లో వేసిన ఒక రోడ్డు ముక్క ఉంది. వెడల్పు తొమ్మిది అడుగులు! ఒక్క కారు పట్టేంత. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరూ ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఓక్లహోమా సిటీ దాటాక కెనడియన్ నది మీద 1933లో కట్టిన వంతెన, 38 ఉక్కు చట్రాలు వరసగా. ఈ రోడ్డుని ఈ ఊళ్ళ మీదుగా రప్పించిన సైరస్ ఏవరీ మా తుల్సావాడే. ముందు 60 అనే నంబరు అడిగారు, కెంటకీ రాష్ట్రం అడ్డం పడింది, చివరికి 1926 ఏప్రిల్‌లో మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చుని 66 తీసుకున్నారు. ఈ సంగతులేవీ ఆల్బుకర్కీ నుంచి మొదలుపెట్టినవాళ్ళకి కనిపించవు.

పది రోజుల్లో పూర్తిగా వద్దనే నేనూ చెప్తాను. కానీ సగమే చెయ్యాలంటే తూర్పు సగం చెయ్యండి.

సెయింట్ లూయిస్ అత్తయ్య

బాబూ, వీళ్ళిద్దరూ రోడ్డు గురించే మాట్లాడుతున్నారు, మీ అమ్మగారి గురించి ఎవరూ చెప్పడం లేదు. మేము మా అత్తగారితో ఇక్కణ్ణుంచి టెక్సస్‌లోని అమరిల్లో దాకా వెళ్ళాం. ఫొటోల్లో నియాన్ బోర్డు చూసి ముచ్చటపడి ఒక పాత మోటెల్ బుక్ చేశాను. తీరా వెళ్తే మాకిచ్చిన గది పై అంతస్తులో. లిఫ్ట్ లేదు. ఆవిడ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పాత మోటెళ్ళలో దిగండి, చాలా బాగుంటాయి, కారు గది తలుపు ముందే ఆపుకోవచ్చు. కానీ ముందు ఫోన్ చేసి కింది గదే కావాలని మాట తీసుకోండి. వెబ్‌సైట్‌లో టిక్కు పెట్టి ఊరుకోవద్దు.

తిండికి చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఊరగాయ, మజ్జిగకి ఐస్ బాక్స్ పెట్టుకోండి. టెక్సస్ ఉత్తర కొస, పాన్‌హ్యాండిల్ అంటారు, అక్కడ శాకాహారికి దొరికేది బంగాళాదుంపలు, సలాడే. న్యూ మెక్సికో చేరాక ఊరట, బీన్స్, పచ్చిమిర్చి సాస్, టోర్టియా దొరుకుతాయి. అయితే బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని అడిగి తీసుకోండి, చాలా చోట్ల వేస్తారు.

తూర్పు నుంచి వస్తే ఇంకో సంగతి. మా ఊళ్ళో మాంచెస్టర్ రోడ్డే మొదట్లో, 1926 నుంచి 1932 దాకా, రూట్ 66. మన గుడి ఆ రోడ్డుకి పక్క వీధిలోనే. అమ్మగారికి దర్శనం, మీకు పాత రోడ్డు, రెండూ అవుతాయి.

డాలస్ మిత్రుడు

నా అభిప్రాయం చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను ఉద్యోగం మారినప్పుడు అమరిల్లో నుంచి లాస్ ఏంజెలస్ దాకా ఐ-40 మీదే వెళ్ళాను. నేలలో పాతిన పది కాడిలాక్ కార్లు, క్రేటర్, కాన్యన్ అన్నీ చూశాను, ఎక్కడా టెన్షన్ లేదు. పాత రోడ్డు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళడం ఎవరికి? చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెనక సీట్లో కూర్చుని ఆ రోడ్డు మీద వెళ్ళిన అమెరికన్లకి అది జ్ఞాపకం. మనకి ఏ జ్ఞాపకం ఉంది? అమ్మానాన్నలు ఇంత దూరం వస్తున్నారు. మూసేసిన గ్యాస్ స్టేషన్లు చూపించే బదులు కాన్యన్ దగ్గర ఇంకో రెండు రోజులు ఉంచండి.

తుల్సా నుంచి

డాలస్ మిత్రమా, మీరు అడిగింది సరైన ప్రశ్నే. అందుకే పెద్దగా రాస్తున్నాను.

ఆ జ్ఞాపకం అమెరికన్లందరిదీ కూడా కాదు. 1930లలో కరువు, దుమ్ము తుఫాన్లు వచ్చి పొలాలు పోయిన ఓక్లహోమా, టెక్సస్ రైతులు పాత కార్ల మీద పరుపులు, గిన్నెలు కట్టుకుని ఇదే రోడ్డు పట్టుకుని కాలిఫోర్నియా పోయారు. 1936లో లాస్ ఏంజెలస్ పోలీసులు తమ ఊరు వదిలి రాష్ట్ర సరిహద్దుకి వెళ్ళి కాపలా కాశారు, చేతిలో డబ్బు లేనివాళ్ళని వెనక్కి పంపడానికి. సొంత దేశంలో, సొంత పౌరుల్ని! పాలమూరు నుంచి వలస పోయినవాళ్ళ కథలు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఆ ఫొటోలు చూస్తే నాకు పరాయివిగా అనిపించలేదు.

నల్లవాళ్ళకైతే ఈ రోడ్డు వేరే రోడ్డు. ఏ మోటెల్‌లో గది ఇస్తారో, ఏ ఊళ్ళో చీకటి పడేలోపు వెళ్ళిపోవాలో ముందే తెలుసుకుని బయల్దేరాల్సి వచ్చేది. అందుకోసం వాళ్ళకి ప్రత్యేకంగా గైడు పుస్తకాలుండేవి. లూథర్ ఊరి దగ్గర ఒక నల్ల కుటుంబం నడిపిన చిన్న రాతి గ్యాస్ స్టేషన్, థ్రెట్ ఫిల్లింగ్ స్టేషన్, ఇప్పటికీ ఉంది. వాళ్ళు నిర్భయంగా ఆగగలిగిన కొద్ది చోట్లలో అదొకటి. మా తుల్సాలో 1921లో తెల్లవాళ్ళ మూక తగలబెట్టిన నల్లవాళ్ళ గ్రీన్‌వుడ్ పేట పాత 66కి కూతవేటు దూరంలోనే ఉంది. ఇవి చూడకుండా నియాన్ బోర్డుల దగ్గర ఫొటోలు తీసుకుని వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక మన సంబంధం అంటారా, ఆ దారిలో పాత మోటెళ్ళు ఇన్నేళ్ళు మూతపడకుండా నిలబెట్టినవాళ్ళలో ఎందరో గుజరాతీ కుటుంబాలవాళ్ళు. ఇంటర్‌స్టేట్ వచ్చి గిరాకీ పడిపోయాక పాత యజమానులు అమ్ముకుంటే వీళ్ళు కొని, కుటుంబమంతా కౌంటరు వెనక గదిలోనే ఉంటూ నడిపారు. అక్కడ ఆగి ఒక్క పూట మాట్లాడండి, ఈ దేశంలో మనవాళ్ళ కథ కూడా తెలుస్తుంది.

ఫ్లాగ్‌స్టాఫ్ విద్యార్థిని

తుల్సా గారు చెప్పినదానికి నాదొక మాట. హోల్‌బ్రూక్‌లో సిమెంటుతో కట్టిన గుడారాల మోటెల్ ఉంది, 1950 నాటిది. అందరూ అక్కడ ఫొటో తీసుకుంటారు. ఆ ఆకారపు గుడారాలు ఉత్తరాన మైదానాల్లో ఉండే తెగలవి. ఇక్కడి నావహో తెగవాళ్ళ ఇల్లు హోగన్, కలపా మట్టీతో గుండ్రంగా కడతారు, వాకిలి తూర్పుకి ఉంటుంది. తూర్పు వాకిలి అంటే మీ అమ్మగారు వెంటనే అందుకుంటారు. ఆల్బుకర్కీ దాటాక లగూనా ప్యూబ్లో దగ్గర ఐ-40 దిగండి. 1699లో కట్టిన తెల్లటి చర్చి ఉంది. అది లగూనా తెగవాళ్ళు నివసించే ఊరు, కాబట్టి అడగకుండా మనుషుల్ని ఫొటో తియ్యొద్దు.

ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. మొదటి రోజు పెద్దవాళ్ళకి ఆయాసం రావచ్చు, నీళ్ళు ఎక్కువ తాగించండి, ఆ రోజు పెద్ద ప్రోగ్రాం పెట్టుకోవద్దు. సెప్టెంబరు చివర్లో రాత్రిళ్ళు ఇక్కడ స్వెటర్ కావాలి, మర్నాడు కాలిఫోర్నియా ఎడారిలోని నీడిల్స్‌లో ఏసీ లేకుండా ఉండలేరు.

ఫీనిక్స్ బాటసారి

తుల్సా గారూ, గ్రీన్‌వుడ్ విషయంలో మీకు ఎదురు చెప్పను. కానీ పడమటి వైపు వెళ్ళమన్నది కాన్యన్ కోసం మాత్రమే కాదు. ఈ రోడ్డు ఎలా చనిపోయిందో, ఎలా బతికిందో రెండూ అరిజోనాలో తెలుస్తాయి. 1978లో ఐ-40 సెలిగ్‌మన్‌ని తప్పించుకుని పోయింది. రోజంతా కార్లు పోయే వీధి ఒక్కసారిగా ఖాళీ. చివరికి 1984 అక్టోబరులో విలియమ్స్‌కి కూడా బైపాస్ పడింది, మొత్తం రూట్‌లో ఆఖరి ఊరు అదే. మరుసటి ఏడాది నంబరే తీసేశారు. అప్పుడు సెలిగ్‌మన్‌లో మంగలి దుకాణం నడిపే ఏంజెల్ డెల్గాడియో 1987లో ఊరివాళ్ళని పోగేసి సంఘం పెట్టాడు, ఆ రోడ్డుని చారిత్రక రహదారిగా గుర్తించమని రాష్ట్రం వెంట పడి సాధించాడు. మిగతా రాష్ట్రాలు ఆ దారిలోనే నడిచాయి. ఆ దుకాణం ఇప్పటికీ ఉంది.

డాలస్ మిత్రుడి ప్రశ్నకి నా జవాబు కూడా అదే. బైపాస్ పడిన ఊరు ఎలా ఉంటుందో మనకి తెలియదా?

నేపర్‌విల్ వాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. తుల్సా గారు రాసిన పోలీసుల సంగతి దగ్గర "మళ్ళీ చదువు" అన్నారు. బైపాస్ మాట వచ్చాక మాత్రం చాలాసేపు ఆయనే మాట్లాడారు. బస్సు నందిగామ ఊళ్ళోంచి వెళ్ళే రోజుల్లో తెల్లవారుజామున ఆపే టీ కొట్టు, ఆ కొట్టాయన ఈయన హారన్ గుర్తుపట్టి గ్లాసు సిద్ధం చేయడం. రోడ్డు బయటికి మళ్ళాక బస్సు అటు వెళ్ళలేదు. తర్వాత తొమ్మిదో నంబరు హైవే అరవై అయిదు అయింది. "నేను మాత్రం తొమ్మిదనే అంటాను" అన్నారు.

కాబట్టి ఇలా అనుకున్నాం. వాళ్ళు వచ్చిన మొదటి శని, ఆదివారాల్లో మా సొంత కారులో చికాగో ఆడమ్స్ స్ట్రీట్ నుంచి ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా పాత రోడ్డు, లింకన్ ఇల్లు చూసి వెనక్కి. తర్వాత ఆల్బుకర్కీకి ఫ్లైట్, అక్కణ్ణుంచి ఎనిమిది రోజుల్లో సముద్రం. తుల్సా గారూ, ఓక్లహోమా వదిలేస్తున్నందుకు బాధగానే ఉంది. డాలస్ మిత్రుడు చెప్పినట్టు కాన్యన్‌కి రెండు రాత్రులు ఇచ్చాను. ఇంకా తేలనిది ఒకటే: సెలిగ్‌మన్‌లో మధ్యాహ్నం ఆగితే చాలా, రాత్రి ఉండాలా?

తుల్సా నుంచి

నా ఓటు మారదు, తొమ్మిది అడుగుల రోడ్డు మీ నాన్నగారు చూడాల్సిందే. వచ్చేసారి మా ఇంట్లో దిగండి, నేనే తీసుకెళ్తాను.

ఫీనిక్స్ బాటసారి

రాత్రి ఉండండి. మధ్యాహ్నం టూరు బస్సులు వచ్చి గంటసేపు సందడి చేసి పోతాయి. సాయంత్రం తర్వాతే ఆ వీధి ఖాళీ అవుతుంది, మీ నాన్నగారు చూడాలనుకునేది అదే. మర్నాడు కింగ్‌మన్‌లో ట్యాంకు నింపుకోండి, కాలిఫోర్నియాలోకి వెళ్ళాక రేటు బాగా పెరుగుతుంది. ఫోన్‌లో మ్యాప్ పదే పదే ఐ-40 ఎక్కించాలని చూస్తుంది, కాగితం మ్యాప్ ఒకటి నాన్నగారి చేతిలో పెట్టండి. కాలిఫోర్నియాలో ఆంబాయ్ వైపు చెక్క వంతెనలు 1930ల నాటివి, వరదలకి దెబ్బతిని కొన్ని భాగాలు మూసేస్తుంటారు, కౌంటీ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. సెలిగ్‌మన్‌లో రైలు పట్టాలు ఊరి పక్కనే, రాత్రంతా గూడ్సు బళ్ళు పోతుంటాయి. అమ్మగారికి నిద్ర చెడకుండా పట్టాలకి దూరంగా ఉన్న గది అడగండి. కింది అంతస్తులోనే.