పాయింట్ 50 మజిల్‌లోడర్‌కి ఏ గుండు, ఎంత మందు?

కొత్తగురి: పాత పద్ధతి పెర్కషన్ రైఫిల్ (మూతిలోంచి మందూ గుండూ దట్టి, క్యాప్‌తో పేల్చేది) చేతికొచ్చి నెలయింది. పాయింట్ 50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), ట్విస్ట్ 1:48, అంటే లోపలి గాడులు 48 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. పాయింట్ 490 అంగుళాల గుండ్రటి సీసపు గుండుకి 90 గ్రెయిన్ల (మందు కొలత) ఎఫ్ఎఫ్‌జీ (మధ్యరకం పలుకు) బ్లాక్ పౌడర్ వేస్తున్నాను. 50 గజాల్లోనే గుండ్లు చేటంత మేర చెదిరిపోతున్నాయి. మందు ఇంకా పెంచాలా, మొనదేలిన పొడుగాటి కోనికల్ బుల్లెట్‌కి మారాలా?

సీసంపోత: పెంచకండి, ముందు తగ్గించండి. క్యాలిబర్ ఎంతో అన్ని గ్రెయిన్లతో మొదలుపెట్టమనేది పాత లెక్క. అంటే మీకు 50. అక్కడ ఐదు కాల్చి చూసి, ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ వెళ్ళండి. తుపాకీ చేసినవాళ్ళు రాసిచ్చిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. ఒకచోట గుండ్లు దగ్గరపడతాయి, తర్వాత మళ్ళీ విడిపోతాయి. ఆ దగ్గరపడిన చోటే మీ లోడ్.

కోనికల్ సంగతి తర్వాత. వాటికి 1:28, 1:32 లాంటి వేగమైన ట్విస్ట్ నప్పుతుంది. గుండ్రటి గుండుకి 1:60, 1:66 లాంటి నెమ్మదివి. మీది మధ్యస్థం, గుండు బాగానే పోవాలి. సీసం మెత్తటిదేనా? గోటితో నొక్కితే గాటు పడాలి.

గుడ్డపేలిక: మందు కంటే ముందు ప్యాచ్‌లు, అంటే గుండుకి చుట్టే జిడ్డు పూసిన గుడ్డముక్కలు చూడండి. కాల్చాక లైన్ ఖాళీ చేయించి, మూతి ముందు కొన్ని గజాల దూరంలో పడినవి ఏరుకు రండి. మధ్యలో నల్లటి మచ్చ, అంచుల్లో కాస్త పీచు, మిగతాదంతా చెక్కుచెదరకుండా ఉంటే మంచిది. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పల్చన, లేదా జిడ్డు చాలలేదు. కత్తితో కోసినట్టు ఉంటే గాడుల అంచులు గానీ మూతి అంచు గానీ పదునుగా ఉన్నట్టు. నాకు ప్రతి ప్యాచ్‌కీ ఒకేలా చీలిక కనిపించేది. ఖాళీ తుపాకీ మూతి తడిమితే వేలికి చిన్న మొన తగిలింది. గన్‌స్మిత్ దాన్ని నున్నగా చేశాక ఆ బాధ పోయింది.

కొత్తగురి: నాలుగు దొరికాయి. మూడింటికి మధ్యలో కాలిన చిల్లులు! నేను వాడేది పాత టీషర్టు గుడ్డ.

గుడ్డపేలిక: దొరికింది దొంగ. అది అల్లిక గుడ్డ, సాగుతుంది, పల్చన కూడా. దగ్గరి నేత ఉన్న అసలు నూలు గుడ్డ కావాలి. మందం అంగుళంలో వెయ్యి భాగాలకి 15 నుంచి 18. కొత్త గుడ్డయితే గంజి పోయేలా ఉతికి ఆరబెట్టండి. సింథటిక్ కలిసిందయితే కరిగి బ్యారెల్‌కి అంటుకుంటుంది.

చెకుముకి: ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. గుండు మందుకి ఆనుకునే ఉండాలి. మా మిత్రుడు మసి తుడవకుండా వరసగా కాల్చాడు. ఆరో గుండు సగంలో ఇరుక్కుంది, అలాగే పేల్చాడు. బ్యారెల్ మధ్యలో ఉంగరంలా ఉబ్బింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. గుండు అడుగుదాకా వెళ్ళినప్పుడు ర్యామ్‌రాడ్ (గుండు దట్టే కడ్డీ) మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి. లోడ్ మారితే గీతా మారుతుంది. షాట్ షాట్‌కీ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. మందు డబ్బాలోంచి నేరుగా పోయకుండా కొలతగొట్టంతోనే పోయండి, నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో డబ్బా అంటుకుంటుంది. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు, బ్యారెల్ పగులుతుంది.

పొగమంచు: బ్లాక్ పౌడర్ బదులు అమ్మే పైరోడెక్స్ పర్లేదా?

చెకుముకి: పెర్కషన్‌కి పర్లేదు. దాన్ని తూకంతో కాదు, బ్లాక్ పౌడర్ కొలతగొట్టంతోనే కొలవాలి. నాలాంటి ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పుతో పేలే తుపాకీ) వాళ్ళకి కుదరదు. అది అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి.

కొత్తగురి: నూలు గుడ్డ తెచ్చాను. 50 నుంచి మొదలుపెట్టి 65 దగ్గర ఐదు గుండ్లూ అరచేతి కింద దాగాయి! 75 దాటాక మళ్ళీ చెదిరాయి. ప్యాచ్‌లు చిల్లు లేకుండా వస్తున్నాయి. చాలా సంతోషంగా ఉంది. వచ్చేవారం 65 గ్రెయిన్ల ఎఫ్ఎఫ్ఎఫ్‌జీ వేసి చూస్తాను.

సీసంపోత: ఆగండి. అది ఇంకా సన్నటి పలుకు, తొందరగా మండుతుంది, ఒత్తిడి ఎక్కువ. 65 దగ్గర కాదు, మళ్ళీ 50 దగ్గరే మొదలుపెట్టండి. అదీ మీ తుపాకీ పుస్తకంలో ఎఫ్ఎఫ్ఎఫ్‌జీకి లెక్క ఇచ్చి ఉంటేనే.