మిన్నెసోటాలో డ్రైవ్‌వే కాంక్రీటు మార్చాలి: అక్టోబరు చివర్లో పోయించవచ్చా?

ప్లిమత్_వాకిలి:

నమస్కారమండీ. ఊరు ప్లిమత్, మినియాపొలిస్ పక్కన. ఇల్లు 1997లో కట్టింది, డ్రైవ్‌వే కూడా అప్పటిదే. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, కింద బంకమట్టి. గ్యారేజీ తలుపు ముందున్న రెండు పలకలు ఒకటిన్నర అంగుళం దిగిపోయి వాన నీరు గ్యారేజీ వైపే మళ్ళుతోంది. కార్లు ఆగే చోట పైపొర పెచ్చులుగా లేచిపోయి కంకర బయటపడింది.

ఇద్దరు కాంట్రాక్టర్లను అడిగాను. మొదటాయన 4 అంగుళాల మందం, 4000 పీఎస్ఐ బలం (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి తట్టుకుంటుందన్న లెక్క), వైర్ మెష్ (ఇనప తీగల వల) అన్నారు. అక్టోబరు ఆఖరి వారంలో పోయిస్తే 10 శాతం తగ్గిస్తారట. రెండో ఆయన 5 అంగుళాలు, 4500 పీఎస్ఐ, ఇనప చువ్వలు, పని మాత్రం వచ్చే మే నెలలోనే అంటున్నారు. ధర ఎక్కువ. అంత మందం నిజంగా కావాలా? అక్టోబరులో పోస్తే ఏమవుతుంది? దిగిన పలకల్ని ఫోమ్‌తో పైకి లేపి, పైన పల్చటి పూత వేయించుకుంటే సరిపోదా?

గడ్డకట్టిన_నేల:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పలక పైభాగం బాగుండి కేవలం దిగి ఉంటే ఫోమ్‌తో లేపడం మంచి పని, ఖర్చూ తక్కువే. మీకు పెచ్చులు కూడా ఊడుతున్నాయి కాబట్టి ఆ కాంక్రీటు పైభాగం ఇప్పటికే బలహీనపడింది. దానికి పూత అతుక్కుంటుంది గానీ, పూత కిందికి నీరు చేరి రెండు మూడు చలికాలాలు గడిచేసరికి పూతతో పాటు పాత పొర కూడా ఊడి వస్తుంది. పగలగొట్టి కొత్తది పోయించుకోండి.

ఇక మందం. 5 అంగుళాలు మంచిదే, ముఖ్యంగా డెలివరీ లారీ ఎక్కే అవకాశం ఉంటే. కానీ మీ కొటేషన్లలో నేను మొదట వెతికేది మందం కాదు, గాలి శాతం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు లోపలి సన్నటి రంధ్రాల్లో ఉన్న నీరు అలా ఉబ్బినప్పుడు ఒత్తిడి ఎటో ఒకవైపు పోవాలి. అందుకే ప్లాంటులోనే ఎయిర్ ఎంట్రెయినింగ్ మందు కలిపి, కంటికి ఆనని గాలి బుడగలు కోట్లలో పుట్టిస్తారు. మీ వాతావరణానికి 6 శాతం గాలి, ఒకటిన్నర అటూ ఇటూ. నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. ఈ రెండు అంకెలు, 4500 పీఎస్ఐ, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) 4 అంగుళాలు, ఇవన్నీ ఒప్పందంలో రాయించుకోండి. ‘6 బస్తాల మిక్స్’ అని మాత్రమే రాసి ఉంటే సంతకం పెట్టకండి.

పలకలు దిగడానికి కారణం మాత్రం కాంక్రీటు కాదు. ఇల్లు కట్టేటప్పుడు పునాది గోడ పక్కన తవ్విన కందకాన్ని దిమ్మిస కొట్టకుండా మట్టితో పూడ్చేస్తారు. ఆ మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. పాతది తీశాక గ్యారేజీ వెంబడి మూడు, నాలుగు అడుగుల మేర వదులు మట్టి తీయించి, సన్న పొడి కలిసిన కంకర, అంటే క్లాస్ 5 గ్రావెల్‌ను 4 అంగుళాల పొరలుగా వేసి, ఒక్కో పొరనీ ఎగిరి కొట్టే దిమ్మిస యంత్రం, అంటే జంపింగ్ జాక్‌తో కుదించమనండి. ఒకేసారి అడుగు మందం పోసి పైన యంత్రం తిప్పితే కింద సగం వదులుగానే మిగులుతుంది. మిగతా చోట బంకమట్టి మీద, మట్టి కంకరలో కలవకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 6 అంగుళాల క్లాస్ 5 వేయించండి. కుదించాక లెక్కేస్తే 15 క్యూబిక్ యార్డులు, లారీలో వదులుగా వచ్చేటప్పుడు 18, 19 యార్డులు పడుతుంది.

గట్టర్ పైపు నీరు డ్రైవ్‌వే పక్కనే పడుతోందా చూడండి. పడుతుంటే ముందు దాన్ని మళ్ళించండి. పలక కింద తడి ఉంటే చలికి మట్టిలో మంచు పొరలు పేరుకుని స్లాబును పైకి ఎత్తుతాయి. మీ ప్రాంతంలో పునాదుల్ని 42 అంగుళాల లోతుకు దించేది ఇందుకే. డ్రైవ్‌వేకి ఆ లోతు కుదరదు కాబట్టి కిందికి నీరు చేరకుండా చూసుకోవడమే దారి. వాటం గ్యారేజీ నుంచి బయటికి అడుగుకి పావు అంగుళం ఉంచండి.

తవ్వేముందు 811కి (భూమిలోని పైపులు, తీగలు గుర్తు పెట్టే సేవ) ఫోన్ చేయించడం, కర్బ్ (రోడ్డు అంచు గట్టు) దగ్గరి భాగానికి సిటీ పర్మిట్ తీసుకోవడం కాంట్రాక్టరుకి వదిలినా, చేశారో లేదో మీరే అడగండి.

బ్రూమ్_ఫినిష్:

పైన చెప్పినదానికి చువ్వల సంగతి కలుపుతాను. చువ్వలు పగుళ్ళను ఆపవు. పగిలాక ఆ పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచుతాయి. వైర్ మెష్ కాగితం మీద బాగుంటుంది కానీ పోసేటప్పుడు మనుషులు తొక్కి, అది చివరికి గ్రావెల్ మీదే పడుకుంటుంది. కొంకితో మధ్యమధ్య పైకి లాగుతామంటారు, అన్ని చోట్లా లాగడం జరగదు. 4వ నంబరు చువ్వలు రెండడుగులకొకటి అడ్డంగా, నిలువుగా కట్టి, ‘కుర్చీలు’ అనే చిన్న ఆనికల మీద నిలబెట్టించండి. పై నుంచి 2 అంగుళాల లోతున ఉండాలి.

గ్యారేజీ అంచు దగ్గర పునాది గోడకి 6 అంగుళాల లోతు రంధ్రాలు వేసి, రెండడుగులకొక చువ్వ దిగ్గొట్టి కొత్త పలకకి కలపమని చెప్పండి. అప్పుడు ఆ అంచు మళ్ళీ దిగదు. పలక, గ్యారేజీ నేల కలిసే చోట మాత్రం అర అంగుళం ఫోమ్ పట్టీ పెట్టాలి.

ఉత్తర_గాలి:

ఆ చువ్వల విషయంలో ఒక జాగ్రత్త. గోడకి కట్టిన అంచు కదలదు, అవతలి అంచు చలికి పైకి లేస్తుంది. అప్పుడు పలక తలుపులా మడత పడుతుంది. మొదటి జాయింటు (పగులు అక్కడే పడేలా వేసే కోత) 10 అడుగుల్లోపే లేకపోతే ఎక్కడ పడితే అక్కడ పగులుతుంది. మీ కొలతలకి నడుమ పొడవునా ఒక కోత, అడ్డంగా 10 అడుగులకొక కోత వేస్తే 10 బై 10 పలకలు ఎనిమిది వస్తాయి. అది సరైన సైజు. కోత లోతు మందంలో నాలుగో వంతు, అంటే 5 అంగుళాలకి అంగుళంపావు. పోసిన రోజే, సుమారు 4 నుంచి 12 గంటల్లోపు కోయాలి. కోత అంచున రాళ్ళు లేచి వస్తున్నాయంటే తొందరపడ్డట్టు. మర్నాడు పొద్దున వచ్చి కోస్తామంటే ఒప్పుకోకండి, రాత్రికే లోపల పగులు మొదలై ఉంటుంది.

ప్లిమత్_వాకిలి:

చాలా థ్యాంక్సండీ. గ్యారేజీ దగ్గరి మట్టి సంగతి ఇద్దరు కాంట్రాక్టర్లూ ఎత్తలేదు. మరి అక్టోబరు మాటేమిటి? చలికి కాపుగా కాంక్రీటు మీద దుప్పట్లు కప్పుతామని మొదటాయన అంటున్నారు. ఇంకొకటి, మన దగ్గర స్లాబుకి మడులు కట్టి నీళ్ళు నిలబెడతాం కదా, ఇక్కడా రోజూ తడపాలా?

రెడీమిక్స్_చీటీ:

తడపకండి. హైదరాబాదులో, విజయవాడలో మడి కట్టడం ఎండకి నీరు ఆవిరైపోతుంది కాబట్టి. ఇక్కడ అక్టోబరులో కాంక్రీటు నిండా నీరు పట్టి ఉండగా రాత్రి గడ్డకడితే పైపొర పోతుంది. దాని బదులు చీపురు గీతలు గీసి, పైన తడి మెరుపు పోగానే క్యూరింగ్ కాంపౌండ్ (లోపలి తేమ ఆవిరి కాకుండా ఆపే మందు) కొట్టాలి. గ్యాలనుకి 200 చదరపు అడుగులు, మీకు 4 గ్యాలన్లు. సన్నగా పొగలా కొట్టి సరిపెడితే పని చేయదు.

అక్టోబరు చివర పోయడం అసాధ్యం కాదు. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా కిందికి పడిపోయే సూచన ఉంటే చలికాలపు నియమాలు పాటించాలి. కింద నేల గడ్డకట్టి ఉండకూడదు, పోసేటప్పుడు కాంక్రీటు 55 డిగ్రీలకు తగ్గకూడదు, మొదటిసారి చలికి గడ్డకట్టేలోపు కనీసం 500 పీఎస్ఐ రావాలి. దుప్పట్లు దీనికి సాయపడతాయి. అసలు చిక్కు ఆ తర్వాత. గడ్డకట్టడం, కరగడం పదే పదే జరిగి, పైన ఉప్పు కూడా పడే చోట 4000 పీఎస్ఐ వచ్చి ఉండాలి, కాంక్రీటు ఓ నెల రోజులు ఆరి ఉండాలి. అక్టోబరు చివర పోస్తే నవంబరులోనే రోడ్డు మీది ఉప్పునీళ్ళు కార్ల చక్రాల నుంచి కారి కొత్త స్లాబు మీద పడతాయి. ఆ 10 శాతం కోసం ఇంత ప్రమాదం వద్దు. చాలా ఒప్పందాల్లో పెచ్చులూడితే వారంటీ వర్తించదని సన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. మేలో కూడా నెల మధ్య తర్వాత తేదీ తీసుకోండి. వసంతంలో రోడ్ల మీద బరువు ఆంక్షలు ఉంటాయి, నిండు లారీ మీ వీధిలోకి రాకపోవచ్చు.

పోసే రోజు మీరు ఇంట్లో ఉండండి. 800 చదరపు అడుగులు, 5 అంగుళాలు అంటే 12.35 యార్డులు, 13.5 ఆర్డరు పెడతారు. లారీకి 10 యార్డులు కాబట్టి రెండు లారీలు. డ్రైవరు ఇచ్చే చీటీలో మిక్స్ బలం, గాలి మందు, ప్లాంటులో కలిపిన టైము, ‘సైటులో కలిపిన నీరు’ అనే గడి ఉంటాయి. ఆ చివరి గడి మీదే కళ్ళు పెట్టండి. లారీ చూట్ (కాంక్రీటు జారే తొట్టి) నుంచి చిక్కగా దిగుతుంటే పనివాళ్ళు ‘కొంచెం నీళ్ళు పట్టు’ అంటారు. యార్డుకి ఒక్క గ్యాలను కలిపినా స్లంప్ ఓ అంగుళం పెరుగుతుంది, బలం సుమారు 200 పీఎస్ఐ తగ్గుతుంది.

పోసి చదును చేశాక పైకి నీరు తేలుతుంది. అది ఆరేదాకా ఎవరూ పని ముట్టకూడదు. ఆ నీటినే లోపలికి రుద్దితే పైన నీరెక్కువైన పల్చటి పొర తయారవుతుంది, పెచ్చులై లేచేది అదే. మన మేస్త్రీలు నున్నగా రావాలని సిమెంటు పొడి చల్లి నీళ్ళు చిలకరిస్తారు చూడండి, ఇక్కడ బయటి కాంక్రీటుకి అంతకన్నా చెడ్డ పని లేదు. స్టీలు తాపీతో మెరుగు కూడా వద్దు, పైపొర గాలి పోతుంది. బుల్ ఫ్లోట్ (పొడవు కర్ర ఉన్న చదును పలక), అంచులు, చీపురు, అంతే.

గడ్డకట్టిన_నేల:

రెండు మాటలు మిగిలాయి. మేలో పోస్తే ఏడు రోజుల వరకు కారు ఎక్కించకండి. మొదటి చలికాలం ఉప్పు బదులు ఇసుక చల్లండి, కారు నుంచి రాలిన మంచుని ఎప్పటికప్పుడు పారతో తోసేయండి. అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ ఉన్న మంచు మందులు ఎన్నేళ్ళయినా వాడకండి, అవి సిమెంటునే తినేస్తాయి. సంచి వెనక రాసింది చదివి కొనండి. 28 రోజులు దాటాక, ఎండగా ఉన్న రోజుల్లో సైలేన్ రకం సీలర్ (లోపలికి ఇంకి నీటిని ఆపేది) కొట్టించండి. మెరిసే పూత రకం వద్దు, తేమ లోపలే చిక్కుకుంటుంది.

అక్కడక్కడా బొట్టుబిళ్ళంత గుంటలు లేస్తే గాభరా పడకండి. మిన్నెసోటా కంకరలో షేల్ అనే మెత్తటి రాయి ఉంటుంది, అది నీరు తాగి ఉబ్బి పైకి పగులుతుంది. చూపుకి బాగోదు గానీ బలానికి ఢోకా లేదు.

ఆఖరి చెల్లింపుకి ముందు కాంట్రాక్టరు దగ్గరా, కాంక్రీటు ప్లాంటు దగ్గరా లీన్ వేవర్ కాగితాలు (బాకీ కోసం మీ ఇంటి మీద పెట్టే హక్కుని, అంటే లీన్‌ని, వదులుకున్నామన్న రాతలు) తీసుకోండి. కాంట్రాక్టరు ప్లాంటుకి డబ్బు ఎగ్గొడితే మీ ఇంటి మీద లీన్ వేసే హక్కు ప్లాంటుకి ఉండొచ్చు.

ప్లిమత్_వాకిలి:

మే 20 తర్వాత తేదీ అడిగాను. గాలి శాతం, 0.45, గ్యారేజీ పక్క పొరలుగా కుదించడం, కోతల కొలతలు, అన్నీ రాసి పంపమని రెండో ఆయనకి మెయిల్ పెట్టాను. గట్టర్ పైపు మాత్రం ఈ వారమే మళ్ళిస్తున్నాను.